జిలేబీ అనే పురుగు

సెప్టెంబర్ 5, శుక్రవారం

నిన్నటి పొద్దున మామూలు పొద్దునే. అయినా రాసి పెట్టుకోవాలనిపిస్తోంది.

ఫజర్ నమాజు చదివి, జానిమాజు మడిచి మంచం మీద పెట్టి వంటగదిలోకి వెళ్ళాను. రెహానా అప్పటికే స్టవ్ దగ్గర ఉంది. ఒక పొయ్యి మీద టీ, రెండో దాని మీద ఉప్మా. ఆమె మొగుడు నాగూర్, నా తమ్ముడు, హాల్లో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. మెయింటెనెన్స్ కంపెనీలో సూపర్‌వైజర్ అయినా వాడు తన చొక్కా ఇంకొకరి చేతికి ఇవ్వడు. దానికి రెహానా రోజూ ఒక మాట అంటుంది. ఆ కాలర్ మీద ఉండే శ్రద్ధలో సగం కట్టుకున్నదాని మీద ఉంటే నేను రాణీ మాదిరి బతుకుదును అని నిన్న అంది. వాడు నవ్వి టీ తాగాడు. ఏసీ నీళ్ళు కిటికీ కింద బకెట్లో టప్ టప్‌మని పడుతున్నాయి. నిండితే వాటితోనే వాకిలి కడుగుతాను. దోహాలో మేముండే అబూ హమూర్‌లో ఈ నెలలో ఐదింటికే వెలుతురు వచ్చేస్తుంది. గోడ అవతల విల్లా వాళ్ళ పావురాలు అప్పుడే మొదలుపెట్టాయి.

నా బస్సు ఐదున్నరకు. స్కూలు బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే నానీ పని నాది. తూబా కూడా అదే బస్సులో వస్తుంది. నాగూర్‌కు ఒక్కతే కూతురు. పదకొండో తరగతి. నా గదిలో పడుకుంటుంది. జడ ఇప్పటికీ నాతోనే వేయించుకుంటుంది.

అత్తా, ఒకటి అడుగుతా, అరవొద్దు అంది. నేను ఎప్పుడు అరిచానో నాకు గుర్తులేదు. స్నేక్ పెంచుకుంటా అంది.

మూడు పాయలు నా చేతిలోనే ఉన్నాయి. చివరిదాకా అల్లి రబ్బరు బ్యాండు వేశాను. ఏ స్నేకు అన్నాను. కార్న్ స్నేక్ అత్తా, చిన్నది, విషం ఉండదు, అడవిలోంచి పట్టినవి కావు, పెంచుకోవడానికే పుట్టించినవి అంది. పిల్లి కావాలని ఎప్పటినుంచో అడిగేది. నాగూర్‌కు ఆస్తమా, బొచ్చు పడదు. చేపలు పెంచుకోరాదా అన్నాను. చేపలు తొందరగా చచ్చిపోతాయి అంది. ఇది ఎన్నాళ్ళు బతుకుతుంది అన్నాను.

ట్వెంటీ ఇయర్స్ అంది. ఆ మాట దగ్గర గొంతు చిన్నదైంది.

జూన్‌లో తూబా స్నేహితురాలు సమ్రీన్ వెళ్ళిపోయింది. కేజీ నుంచి ఇద్దరూ ఒకే బెంచీ. వాళ్ళ నాన్నకు కాంట్రాక్టు అయిపోయింది, సామాను అమ్ముకుని హైదరాబాద్ వెళ్ళిపోయారు. అంతకు ముందు ఏడాది ఇంకో అమ్మాయి. దోహాలో పిల్లలకు ఇదంతా మామూలే అని పెద్దవాళ్ళం అనుకుంటాం. జూన్ నుంచి తూబా అన్నం దగ్గర మాట్లాడటం లేదు.

బస్సు హారన్ కొట్టింది. చూద్దాంలే అన్నాను.

సెప్టెంబర్ 6, శనివారం

రెహానాకు నేనే చెప్పాను. అట్లకాడ చేతిలో పట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది. వదినా, నమాజు చదివి చదివి నీకేమన్నా అయిందా అంది. ఇంట్లో ఒక నాగు ఉండాడు, నాకు చాలదా అంది. నాగూర్ టీవీ దగ్గర్నుంచి బుస్ అన్నాడు. రెహానా అట్లకాడ చూపించింది.

తర్వాత నవ్వులు ఆగాయి. నాగూర్ అడిగింది సరైన ప్రశ్నే. రెండేళ్ళలో పిల్ల కాలేజీకి ఇండియా పోతుంది, ఇదేమో ఇరవై ఏళ్ళు బతుకుతుంది, ఆ మిగతా కాలం దాన్ని ఎవరు చూస్తారు అన్నాడు. తూబా తల దించుకుని గోళ్ళు చూసుకుంటోంది. ఆ పిల్ల ముఖం చూసి రెహానాయే దారి తీసింది. తెచ్చుకో. కానీ ఒక్క షరతు. అది పెట్టె దాటి నా ఇంట్లో తిరిగిందో, ఆ వారంలోనే దాన్ని పంపించేస్తా. ఎవురు ఏడ్చినా వినను.

తూబా ఒప్పుకుంది. మాట మాటే అని నాగూర్ ముగ్గురి ముఖాలూ చూశాడు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

జుమా నమాజు తర్వాత పెంపుడు జంతువుల షాపుకు వెళ్ళాం. రెహానా కారు దిగలేదు. ఏసీ వేసుకుని డోర్లు లాక్ చేసుకుంది, పాములు వచ్చి తలుపు కొడతాయన్నట్టు.

షాపు నడిపేది మలయాళీ అతను. మూడు చూపించాడు. మొదటిది లావుగా, పసుపూ తెలుపూ కలిసి, చూడ్డానికి చాలా బాగుంది. నాగూర్ దాని ముందే నిలబడిపోయాడు. చివరిసారి ఎప్పుడు తిన్నదని తూబా అడిగింది. అతను గడ్డం గోక్కుని, దో మహీనా అన్నాడు. వద్దు అంది. రెండోదానికి పాత చర్మం అక్కడక్కడా అంటుకుని ఉంది, నోరు కొంచెం తెరిచి ఊపిరి పీలుస్తోంది. తూబా దాన్ని చాలాసేపు జాలిగా చూసింది, అదీ వద్దంది. మూడోది నారింజ రంగు, పెన్సిలంత లావు, నా మూరెడు పొడవు. కళ్ళు తేటగా ఉన్నాయి. చెయ్యి దగ్గరకు పోతే కాటు వేయలేదు, నాలుక ఆడిస్తూ చూసింది. ఇది తినడం నాకు చూపించండి అని అడిగింది తూబా. అతను పట్టకారుతో అందించాడు. తిన్నది.

నేను చాలా పెళ్ళిచూపులకు వెళ్ళాను. ఇంత నిదానంగా ఎవరూ చూడగా చూడలేదు.

ముందు నీ చేతిలో పెడతా అత్తా అంది. బిస్మిల్లా అనుకుని చెయ్యి చాపాను. తడిగా, జిగురుగా ఉంటుందనుకున్నాను. పొడిగా ఉంది. చల్లగా ఉంది. తొందర లేకుండా నా వేళ్ళ మధ్య దారి వెతుక్కుంటూ పోయింది. ఇన్నేళ్ళలో వీటిని చూస్తే వెనక్కి పరుగెత్తడమే తప్ప, ఒకటి నా దగ్గరికి రావడం ఎలా ఉంటుందో తెలియదు.

అడ్వాన్స్ ఇచ్చి వచ్చాం. ముందు ఇల్లు సిద్ధం చేయాలట, తర్వాతే దాన్ని తేవాలట.

సెప్టెంబర్ 15, సోమవారం

అద్దాల పెట్టె వచ్చింది. పైన జాలీ మూత, అటొక క్లిప్పు, ఇటొక క్లిప్పు. ఒక వైపు కింద హీట్ మ్యాట్, ఇంకో వైపు చల్లగా ఉండాలి. ఏ వైపు కావాలో అదే ఎంచుకుంటుందట. దాక్కోవడానికి పగిలిన పూలకుండీ సగం బోర్లించాం. నీళ్ళ గిన్నె ఒకటి.

ఎటు పెట్టాలో నేను చెప్పాను. నమాజుకు నేను తిరిగే ఖిబ్లా వైపు వద్దు, నా వెనక గోడకు పెట్టమన్నాను. సజ్దాలో దాని ముందు తల వంచినట్టు ఉండకూడదు.

రెహానా గుమ్మంలో నిలబడి, ఇది ఉన్న గదిలోకి దేవదూతలు వస్తారా వదినా అంది. నాకు తెలియదు అన్నాను. పుట్టించినవాడికి అది ఎక్కడుందో తెలుసు కదా అన్నాను.

సెప్టెంబర్ 19, శుక్రవారం

తెచ్చాం. కుండీ కింద చుట్ట చుట్టుకుని పడుకుంది. తూబా దానికి జిలేబీ అని పేరు పెట్టింది.

ఇక జన్మలో నేను జిలేబీ తిననని రెహానా అంది. నాగూర్ రాత్రికే అరకిలో తెచ్చాడు. ఆమే నాలుగు తిన్నది.

సెప్టెంబర్ 25, గురువారం

తిండి దగ్గర గొడవ వచ్చింది. ఇది తినేది ఎలుక పిల్లల్ని. వెంట్రుకలు కూడా రాని పిల్లలు, షాపులో గడ్డకట్టించి అమ్ముతారు. అవి నా ఫ్రీజర్లో పెట్టినారంటే నేను ప్రొద్దుటూరికి టికెట్ తీసుకుంటా అని రెహానా అంది. చేప ఉండేది ఆడనే, ఖైమా ఉండేది ఆడనే, పొరపాటున నేను దాన్ని తీసి తాలింపు వేస్తే ఎవురు జవాబుదారీ అంది. న్యాయమే.

అందుకని వారానికి ఒక్కటే కొంటాం. గురువారం డ్యూటీ దిగాక నేనే షాపుకు వెళ్తాను. చిన్న థర్మాస్‌లో పెట్టి ఇస్తాడు. దాన్ని నా టిఫిన్ బ్యాగులో వేసుకుని రావాలి. వచ్చేటప్పుడు మా స్కూలు బస్సు డ్రైవరే ఎక్కించుకుని, ఏం కూర అక్కా అని అడిగాడు. ఇవాళ మాది ఉపవాసం అని చెప్పాను. చివరికి అది అబద్ధం కాలేదు, జిలేబీ తినలేదు.

వేడినీళ్ళ గ్లాసులో కరిగించి, పట్టకారుతో పట్టుకుని తూబా అరగంట నిలబడింది. అది కుండీ కిందనుంచి రాలేదు. కొత్త ఇల్లు కదా అన్నాను. నీకు ఇక్కడికి వచ్చినప్పుడు ఎలా ఉండేది అత్తా అంది. నేనూ రెండు రోజులు సరిగ్గా తినలేదని చెప్పాను.

చాలా రోజుల తర్వాత రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం.

అక్టోబర్ 2, గురువారం

తిన్నది. అల్‌హందులిల్లా.

అక్టోబర్ 3, శుక్రవారం

తిన్నాక రెండు రోజులు దాన్ని ముట్టుకోకూడదట. ముట్టుకుంటే కక్కేస్తుంది. తూబా తలుపు మీద కాగితం అంటించింది: డోంట్ టచ్, జిలేబీ ఈజ్ డైజెస్టింగ్. నాగూర్ భోంచేసి సోఫాలో పడుకుని, నాకూ ఒక కాగితం అంటించమ్మా అన్నాడు. రెహానా అంటించింది, నుదుటి మీద.

అన్నం దగ్గర తూబా స్కూల్ సంగతులు చెప్పింది. నాగూర్ నా వైపు చూశాడు. నేను కూర వడ్డించాను.

అక్టోబర్ 14, మంగళవారం

జిలేబీ కళ్ళు నీలంగా, పొగ పట్టినట్టు అయ్యాయి. వెంటనే తూబాను పిలిచి చూపించాను. కుబుసం విడిచే ముందు అలాగే అవుతుందని తూబా చెప్పింది. అప్పుడు కళ్ళు సరిగా కనిపించవు, చిరాగ్గా ఉంటుంది, తినదు. తడి నాచు పెట్టిన డబ్బా ఒకటి లోపల పెట్టాం.

తిన్న్యాదా అని రెహానా వంటగదిలోంచి అడిగింది. లేదన్నాను. తినకపోతే నాకేం అంది. అడిగింది మాత్రం ఆమే.

అక్టోబర్ 21, మంగళవారం

కుబుసం వచ్చింది. తల నుంచి తోక దాకా ఒకే ముక్క, మేజోడు తిప్పి తీసినట్టు. కళ్ళ మీది పొర కూడా వచ్చిందో లేదో తూబా లైటు కింద చూసింది. వచ్చింది. దాన్ని కెమిస్ట్రీ పుస్తకంలో పెట్టుకుంది.

జిలేబీ కొత్తగా మెరుస్తోంది. రెహానా గడప దగ్గరికి వచ్చి చూసింది. లోపలికి రాలేదు. రంగు బాగుండాది, జాకెట్టు గుడ్డ ఇట్లాంటిది దొరికితేనా అంది. ఇంట్లో మిషన్ మీద బట్టలు కుడుతుంది కదా, ఆమె కంటికి అన్నీ గుడ్డలే.

అక్టోబర్ 23, గురువారం

మళ్ళీ తినలేదు. ఒక్కోసారి అంతే అని షాపతను అన్నాడు. రెండు వారాలైంది, ఏం కాదు కదా అని రెహానా రెండుసార్లు అడిగింది.

అక్టోబర్ 25, శనివారం, రాత్రి ఇషా నమాజు తర్వాత

జిలేబీ బయటికి వచ్చింది. మొదటి నుంచి రాస్తాను.

నాగూర్ సైటులో ఉన్నాడు. తూబా ట్యూషన్‌కు వెళ్ళింది. మధ్యాహ్నం నాకు కునుకు పట్టింది. రెహానా పక్క పోర్షన్ శ్యామలతో కూరగాయల మార్కెట్‌కు వెళ్తూ, వదినా తలుపు వేసుకో అని పిలిచిన గొంతు సగం నిద్రలో విన్నాను. లేచి అసర్ నమాజు చదివాను. చివరి సలాం చెప్పి నమాజు ముగించి వెనక్కి తిరిగితే మూత ఒక పక్క లేచి ఉంది. ఒక క్లిప్పు పడలేదు. కుండీ ఎత్తి చూశాను. నాచు డబ్బా తీసి చూశాను. లేదు.

నీళ్ళ గిన్నె తెల్లగా ఉంది. వేలు ముంచి వాసన చూశాను. పాలు.

ఇవాళ నాగుల చవితి. పొద్దున్నుంచీ ఊరి వాళ్ళ వాట్సప్ స్టేటస్‌లన్నీ పుట్టలే, పాలే. మా దూదేకుల ఇళ్ళల్లోనూ ఆడవాళ్ళు ఇరుగు పొరుగుతో పుట్టకు పోయి పాలు పోసేవాళ్ళే. పాము పాలు తాగదు. తూబా మొదటి రోజే నాకు చెప్పింది. ఇంకెవరికీ చెప్పాలని మాకు తోచలేదు.

గిన్నె కడిగేశాను. తలుపు సందుల్లో తువ్వాళ్ళు పెట్టాను. మంచం కింద, అల్మారా వెనక, షూ స్టాండ్, అన్నీ వెతికాను. మగ్రిబ్ అజాన్ అయింది. తప్పనిసరి ఫర్జ్ మాత్రం చదివి, తూబాకు వాయిస్ మెసేజ్ పెట్టాను. పురుగు బయట తిరుగుతోంది, మీ అమ్మ వచ్చేలోపల ఏదన్నా చెయ్యమ్మా అన్నాను.

దీపాల వేళ దాటితే దాని పేరు ఎత్తకూడదని మా అమ్మ నేర్పింది. పేరు పిలిస్తే వస్తుందని. పురుగు అనాలి. యాభై నాలుగేళ్ళ నోరు నాది, దానంతట అదే అలా అంది. తూబా ఇక్కడ పుట్టిన పిల్ల. పురుగంటే ఆమెకు బొద్దింక.

అత్తకు కాక్రోచ్ కనిపించింది పాపం అనుకుందట. వాళ్ళ నాన్న స్నేహితుడు గజేందర్‌కు ఫోన్ చేసింది. పెస్ట్ కంట్రోల్‌లో పని అతనిది, ఉండేది బర్వా అల్ బరాహా కార్మికుల వసతిలో. ఇవాళ మా వీధి చివర విల్లాలో డ్యూటీ. మామా, మా ఇంట్లో పురుగు తిరుగుతోంది, అత్త ఒక్కతే ఉంది, కొంచెం వెళ్తారా అని చెప్పిందట.

పది నిమిషాల్లో గజేందర్ వచ్చాడు. స్ప్రే డబ్బా లేదు. మోకాళ్ళ దాకా బూట్లు, చేతిలో ఇంత పొడుగు కర్ర.

యాడున్నది అక్కా, నాగుబామా కట్లపామా అన్నాడు. నేను నోరు తెరిచే లోపలే హాలంతా చూశాడు. జిలేబీ అన్నాను. తినేటందుకు ఇప్పుడేంది అక్కా, ముందు దాని సంగతి జూద్దాం అన్నాడు. దాని పేరే జిలేబీ అన్నాను. పాముకు పేరు బెట్టిన్రా అని నా వైపు చూశాడు, కర్ర ఏ వైపు తిప్పాలో తెలియనట్టు.

అప్పుడే ఫ్రిజ్ వెనక కదిలింది. వెచ్చగా ఉంటుందని అక్కడికి చేరింది. నారింజ రంగు తోక గోడ వెంబడి కనిపించగానే గజేందర్ కర్ర ఎత్తాడు. ఆగు తమ్ముడూ అన్నాను. నా గొంతు ఎప్పుడూ చిన్నదే. అతనికి వినపడలేదు.

తలుపు తెరుచుకుంది. రెహానా. రెండు చేతుల్లో సంచులు. వదిలేసింది. టమాటాలు హాలంతా దొర్లాయి. కొట్టొద్దు అన్నా, కొట్టొద్దు, అది మాది అని అరిచింది. అరుస్తూనే వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

మాది అంది.

నేను వంగి జిలేబీని తీసుకున్నాను. రెహానా దిండు గలీబు తెచ్చి నోరు తెరిచి పట్టింది. ముఖం పక్కకు తిప్పుకుంది, గలీబు మాత్రం వదల్లేదు. గజేందర్ కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. ఈడ అందరు కాక్రోచ్ అంటరు, బగ్ అంటరు, తెలుగుల పురుగు అని నన్నెవ్వరు పిలిచిండ్రు అక్కా అన్నాడు. మా జగిత్యాల దిక్కు పురుగంటే ఇంకేముంటది, పామే. మందు డబ్బా బండిలనే ఇడిసిపెట్టి కట్టె పట్టుకొని ఉరికొచ్చిన అన్నాడు. మందు కొట్టి ఉంటే జిలేబీ బతికేది కాదు. నేను చెప్పిన మాట తూబాకు అర్థం కాలేదు, తూబా అనుకున్నది గజేందర్‌కు అర్థం కాలేదు, కబురు మాత్రం సరిగ్గా చేరింది.

తూబా వచ్చింది. నాగూర్ వచ్చాడు. సంగతి విన్నాడు. మూత ఎవరు సరిగ్గా వేయలేదని అడిగాడు. పొద్దున మూత తీసింది తూబా ఒక్కతే అని అందరికీ తెలుసు. వేశాను నాన్నా, రెండు క్లిప్పులూ వేశాను అంది. వేస్తే ఎట్లా వచ్చింది అన్నాడు.

నేను రెహానా వైపు చూశాను. ఆమె టమాటాలు ఏరుతోంది.

మాట మాటే అన్నాడు నాగూర్.

అక్టోబర్ 26, ఆదివారం

నాగూర్ ఏదో గ్రూపులో ఫోటో పెట్టాడు. పక్క ఊరు వక్రాలో ఎవరో తీసుకుంటారట. గురువారం వస్తారు.

బస్సులో తూబా నా పక్కనే కూర్చుంది. నేనే సరిగ్గా వేయలేదేమో అత్తా అంది. రెండు క్లిప్పుల చప్పుడూ నేను విన్నాను అన్నాను. నువ్వు నమాజులో ఉండి ఉంటావు, ఎలా వింటావు అంది. తను చేయని తప్పును తనే నమ్మడం మొదలుపెట్టింది. అది నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంది.

చెప్పాల్సింది రెహానా. నా నోటి నుంచి వస్తే అది ఆడబిడ్డ చాడీ అవుతుంది, ఆమె నోటి నుంచి వస్తే తల్లి మాట అవుతుంది. కానీ ఎన్నాళ్ళు ఆగాలి?

అక్టోబర్ 27, సోమవారం

ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు. తూబా అన్నం దగ్గర మాట్లాడలేదు.

దువాలో చాలాసేపు కూర్చున్నాను. బుధవారం వరకే. ఆ తర్వాత నేనే చెబుతాను.

అక్టోబర్ 28, మంగళవారం

డ్యూటీ నుంచి వచ్చేసరికి రెహానా బెండకాయలు తరుగుతోంది. నేను కూర్చుని తొడిమలు తీయడం మొదలుపెట్టాను. తల ఎత్తకుండా, వదినా గిన్నె నువ్వే కడిగినావా అంది. అవునన్నాను.

తర్వాత అంతా తనే చెప్పింది. రెండు వారాలుగా తినడంలేదంటే మనసు పీకిందట. పొద్దున వాళ్ళమ్మ ఫోన్ చేసి, పుట్ట దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం అని చెప్పిందట. చిన్నప్పుడు పక్కింటి వాళ్ళతో కలిసి తనూ పోయేదట, పాలు పోసి వచ్చాక దొరికే చిమ్మిలి కోసం. నువ్వు పడుకున్న్యావు, పిల్ల లేదు, నేను బిస్మిల్లా అనే మూత తీసినా అంది. నీళ్ళు పారబోసి పాలు పోసినా. అది తల ఎత్తి నాలుక ఆడిచ్చింది. నా పానం పోయింది. మూత ఎట్లా వేసినానో నాకే తెలీదు. శ్యామలక్క బయట హారన్ కొడతా ఉండాది.

నేను ఇంకో గుప్పెడు బెండకాయలు నా వైపు లాక్కున్నాను.

ఇంట్లో దాన్ని వద్దన్నది నేను, షరతు పెట్టింది నేను, ఇప్పుడు నేనే అని ఏ ముఖం పెట్టుకుని చెప్పేది అంది. ఈ ఇంట్లో అందరూ నన్ను చూసి నవ్వుతారు వదినా. పాము పాలు తాగదంట కదా, గూగుల్‌లో చూసినా అంది.

నవ్వుతారు అన్నాను. నాలుగు రోజులు నవ్వుతారు. తూబా మాత్రం తనను తాను నమ్మడం మానేసింది, దానికి నాలుగు రోజులు చాలవు అన్నాను. అంతే అన్నాను. ఎక్కువ మాట్లాడితే బెండకాయలు జిగురు ఎక్కుతాయి.

కత్తి కింద పెట్టింది. సమ్రీన్ పోయినప్పుడు పిల్ల ఎట్లయిపోయిందో నాకు తెలుసు అంది. రెండేళ్ళకు పిల్ల పోతాది, అప్పుడు నేను ఎట్లయిపోతానో ఎవురూ అడగరు అంది.

ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఇన్నేళ్ళలో ఆమెను ఆ ప్రశ్న నేనూ అడగలేదు.

అక్టోబర్ 29, బుధవారం

సాయంత్రం నలుగురం హాల్లో కూర్చున్నాం. రెహానా చెప్పింది. పాలు నేనే పోసినా, క్లిప్పు నేనే వదిలేసినా, పిల్ల వేసింది అంది. నాగూర్ నవ్వబోయి, తూబా ముఖం చూసి ఆగిపోయాడు. కూతురికి సారీ చెప్పాడు. షరతు నాది, తప్పింది నేను, ఆ షరతే కొట్టేసినా అంది రెహానా.

జిలేబీ ఉంటుంది. వక్రా వాళ్ళకు నాగూర్ ఫోన్ చేసి రావద్దని చెప్పాడు. పెట్టె హాల్లోకి మారుతుంది. మూత తీసేవాళ్ళు ఇంకొకరికి చెప్పి తీయాలి.

తూబా వెళ్ళాక దీన్ని ఎవరు చూస్తారని నాగూర్ అడిగాడు. రెహానా చెయ్యెత్తింది, మా బస్సులో పిల్లలు ఎత్తినట్టు.